పట్టిక, పటిక

రాయపురం వంతెన కింద ఐసు లారీ వెళ్ళినప్పుడల్లా
మా ఆఫీసు కిటికీ అద్దం పళ్ళు కొరుకుతుంది.
సోమవారం పొద్దున్నే మేనేజరు తిరునావుక్కరసు
ఒక కాగితం నా ముందు పెట్టాడు.
అందులో రెండే గడులు:
లూసియానా కేజన్లు, నికరాగువా వాళ్ళు.
"ఎవరి బతుకు ఎంతలో ఉందో నింపమ్మా,
సాయంత్రానికల్లా కొనేవాడికి పంపాలి."
రొయ్య ధర తేలాలంటే
ముందు మనుషుల ధర తేలాలట.

కేజన్లంటే ఎవరో నాకు తెలీదు.
వెతికితే దొరికారు.
ఎప్పుడో ఓడలెక్కించి తరిమేస్తే
తిరిగి తిరిగి బురదనీళ్ళ అంచున ఆగినవాళ్ళు.
ఇంటి మాట బళ్ళో నోరు జారితే
ఇంకెప్పుడూ అననని
పలక నిండా రాయించేవారట.
ఆ గడిలో నేను ఆదాయం రాయాలి.
చాలాసేపు ఆ పలక దగ్గరే ఆగిపోయాను.

మా అమ్మ తెలుగులోనే తిడుతుంది, తెలుగులోనే దణ్ణం పెడుతుంది.
చదవడం మాత్రం రాదు, కాశిమేడు బడిలో ఆ అక్షరాల్లేవు.
నేను నేర్చుకున్నది నెల్లూరు లారీల వెనక.
"దూరం పాటించండి"
నా మొదటి వాచకం.

ఇక నికరాగువా.
సింగిరొయ్యల కోసం సముద్రం అడుక్కి దిగినవాళ్ళు
గబుక్కున పైకొస్తే
నెత్తుట్లో గాలి బుడగలు కట్టి
కాళ్ళు పడిపోతాయట.
నెల ఆదాయానికి గడి ఉంది,
కాళ్ళకి లేదు.

మధ్యాహ్నానికి ఒక వాక్యం తగిలింది:
కేజన్లు పడవలు అమ్ముకుంటున్నారు,
దిగుమతి రొయ్య మరీ చవకై.
దిగుమతి అని ఊరుకున్నారు, ఎవరిదో రాయలేదు.
నాకు రాయక్కర్లేదు.
ఆ వాసన మా ఇంట్లో దిండు గలీబుకి కూడా ఉంటుంది.

అన్నం డబ్బా పట్టుకుని కింద షెడ్డుకి దిగాను.
నూకరత్నమత్త తడి నేల మీద నిలబడి
తలకాయ ఒకవైపు, ఒళ్ళు ఒకవైపు,
చూడకుండానే ఒలుస్తోంది.
"ఏం పనే ఇవాళ పైన?"
"పట్టిక చేస్తున్నానత్తా."
"పటికా! కాస్త ఇటు తేవే,
రొయ్య నీళ్ళకి వేళ్ళు ఒరిసిపోయాయి."

పటిక కాదని చెప్పాను.
మనం చవగ్గా ఒలిస్తే
ఎక్కడో ఒకడు పడవ అమ్ముకున్నాడని చెప్పాను.
చేతులు ఆపలేదు.
"అప్పెంతంట వాడికి?"
"రాయలేదత్తా."
"వడ్డీ?"
"అదీ లేదు."
"మరింక ఏం పోల్చావే, నీ మొహం."
కాసేపాగి,
"తలకాయలు పారేస్తారా, తింటారా?"
"కేజన్లు ఉడకేసి పులుసు తీస్తారంట."
"అయితే మనలాంటోళ్ళే.
ఆ రెండోవాళ్ళు?"
తెలీదన్నాను.
అప్పుడు మాత్రం నావైపు చూసింది,
బడికెళ్ళి ఏం నేర్చావన్నట్టు.

సాయంత్రం అంకెలు నింపాను.
చక్కటి అంకెలు, కుడివైపుకి ఒద్దికగా సర్దినవి.
తలకాయల సంగతికి చోటు దొరకలేదు.
ఇంటికెళ్తూ పాత జైలు రోడ్డు కొట్లో
పది రూపాయల పటిక కొన్నాను.
కలకండ అనుకుని పక్కింటి పిల్లాడు నాకి
మొహం వంకర పెట్టాడు.

గురువారం కొత్త ధర వచ్చింది.
షెడ్డులో ఒలుపుకి కిలోకి రూపాయి కోత.
ఏ గడి చూసి తీశారని అడిగాను.
మేనేజరు ఫ్యాను వైపు చూశాడు.

కింద నూకరత్నమత్త
పటిక నీళ్ళలో రెండు చేతులూ ముంచి
కళ్ళు మూసుకుని ఉంది.
"బాగుందే ఇది," అంది,
"ఆ పట్టికేదో పంపేశావా?"