పిప్పిపోగు

పెనుమూరు అవతల మా గానుగ దగ్గర
పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తున్న మొగిలప్ప
ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

పోగు నడుమ పదకొండు గుడ్లు.
తెల్లగా, తోలుతిత్తుల్లా, ఒకదాన్నొకటి కరుచుకుని.
జెర్రిపోతువి.

మొన్నటి వానకు తడిసి, లోలోపల మాగి
పిప్పి తనకు తానే కాగుతుంది,
బాలింత గదిలో కుంపటి పెట్టినంత వెచ్చన.
ఆ వేడి చూసుకునే పెట్టి పోయింది తల్లి.
బారెడు దూరంలో
బెల్లం ఉడికే మంట ఉందని
దానికెవరు చెప్పాలి?

"దొర్లించొద్దు పాపా," అన్నాడు,
"పైది కిందైతే లోపలిది ఊపిరాడక పోతుంది."
బొగ్గుతో ఒక్కోదాని నెత్తిన చుక్క పెట్టాడు,
చంటిబిడ్డకు దిష్టిచుక్కలా.
పగిలిన కడవలో తడిపిప్పి పరిచి
చుక్కలు ఆకాశాన్నే చూసేలా సర్ది
కానుగచెట్టు నీడన ఉంచాము.

నీళ్లు చిలకరించడం నా వంతు.
మూడు రోజులు మరిచాను. చిత్తూరులో పెళ్లి.
వచ్చేసరికి అంచునున్న నాలుగు
ఎండు ఉసిరికాయల్లా సొట్టబడ్డాయి.

మిగతావి ఎప్పుడు వెళ్లాయో చూడలేదు.
ఒక తెల్లారి కడవలో
కత్తితో కోసినట్టు చీలిన తోళ్లు,
బొగ్గుచుక్కలతో సహా.

ఇప్పటికీ పొయ్యి రాజేసే ముందు
మొగిలప్ప పోగును కర్రతో పొడవడు.
అరచేత్తో తడుముతాడు,
జ్వరం చూసినట్టు.