ఆయ్

నర్సాపురం కోర్టు వరండాలో
బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలుస్తాడు.
లంకే పెద్దిరాజూ... లంకే పెద్దిరాజూ...
మూడో కేకకి లోపల లేకపోతే వారెంటు.
ఒకసారి అదే అయ్యింది.
ఆటుకి నీళ్ళు తీసి, పంటు ఇసకలో కూర్చుంది.
"గోదారి లేటండి" అంటే
రాసుకోడానికి వాళ్ళ కాయితంలో గడి లేదు.

పోయింది రొయ్యల చెరువు మోటారు, వేములదీవిలో.
ఆ రాత్రి కాపలా నాది.
మోటారు మొగలి పొదల్లో దొరికింది,
నేను ఇంట్లో దొరికాను.
దానికి ఎం.ఓ. వన్ అని చీటీ కట్టారు,
నన్ను ఏ-టూ అన్నారు.
ఏ-వన్ ఎవడో ఇప్పటికీ తెలీదు.
పరారీ అని రాసుంది.

నాలుగేళ్ళలో కాస్త చదువొచ్చింది.
వాయిదా అంటే ఒక రోజు కూలి, రెండు పంటు టిక్కెట్లు,
గుమాస్తాకి టీ.
జామీను అంటే నా కోసం ఇంకొకడి పన్ను రసీదు.
పంచనామా అంటే
నేనెన్నడూ వెళ్ళని పొదల్ని
నేనే చూపించినట్టు రాసిన కాయితం.
"రుజువు చెయ్యాల్సింది వాళ్ళు, నువ్వు కాదు" అంది లాయరమ్మ.
ఇంటికెళ్ళి ఆ మాట చెబితే
"మరి తిరగాల్సింది నువ్వెందుకు?" అంది మా ఆవిడ.
దానికి సెక్షనేదో ఇంకా కనుక్కోలేదు.

ఇవాళ్టితో సాక్షులయిపోయారు.
నన్ను బోనెక్కించారు.
లాయరమ్మ ముందే చెప్పింది:
అడిగిందానికి అబద్ధమండి అను, చాలు.
కథలొద్దు.
మీ వైపు మాట, ఆ ఆయ్, అసలు రానీకు.

జడ్జిగారిది మదనపల్లి వైపట.
కళ్ళజోడు సర్దుకుని,
"మోటారు నువ్వే తీశావని మూడో సాక్షి చెప్పాడు."

"ఆయ్."

వచ్చేసింది.
పుట్టినప్పట్నుంచీ నోట్లో ఉన్న మాట.
చెరువు ఆసామి తిట్టినా ఆయ్,
జీతం రేపన్నా ఆయ్,
జీపెక్కమన్నప్పుడూ అదే అన్నాను.

టైపు ఆగింది.
లాయరమ్మ సగం లేచి అలాగే ఉండిపోయింది.
"ఆయ్ అంటే ఒప్పుకున్నట్టా, విన్నట్టా?"
జడ్జిగారే అడిగారు.
చెమట పట్టిన చేతులు బోను చెక్కకి అంటుకున్నాయి.
ఆ మాటకి అర్థం
ఎవరైనా అడుగుతారనుకోలేదు.

"విన్నట్టండి.
ఒప్పుకోలేదండి."

ఇంగ్లీషులో కొట్టి, తెలుగులో చదివి వినిపించారు.
ఆయ్ అనబోయి పళ్ళు బిగించాను.
సంతకం పెట్టాను.
ద కింద ద ఒత్తు గీత దాటిపోయింది.

వాయిదా పదిహేడుకి.
పోటు మొదలయ్యే వేళ.
రేవు వైపు పరిగెత్తాను.