ఆరో వారం

అల్ ఐన్. గురువారం, నాలుగింటి ట్యుటోరియల్.
మొదటి వారం గుక్క తిప్పుకోకుండా
బోర్డు నిండా చేశాను లెక్క, పొల్లుపోకుండా.
"అర్థమైందా?" అన్నాను.
ఇరవై రెండు తలలూ ఊగాయి.
క్విజ్‌లో పంతొమ్మిది తెల్ల కాగితాలు.
మిగతా మూడింట్లో
నేను రాసిందే, అచ్చుగుద్దినట్టు.

ఆ ప్రశ్న మానడానికి నెల పట్టింది.
నాలుక చివర ఇంకా దురదే.

ఇవాళ ఒక మైనస్ గుర్తు మింగేశాను,
కావాలని కాదు.
కిందికి వంగాల్సిన వంతెన పైకి లేచింది.
వెనక వరసలో వదీమా
నవ్వు ఆపుకోలేక, "మిస్, గాల్లోకా?"

మార్కర్ చాచాను.
వచ్చింది. గీసింది. కొట్టేసింది. ఆగిపోయింది.
చెప్పేయబోయి, పంటి కింద నాలుక నొక్కి
అంకెలు లెక్కపెట్టుకున్నాను,
ఏసీ హోరులో.
తొమ్మిది, పది...

పదకొండు దగ్గర
శమ్మా కుర్చీ కిర్రుమంది.
నేను కిటికీ వైపు జరిగాను.