బొమ్మ ఒకదాంట్లో, సద్దు ఇంకోదాంట్లో

కొర్లగుంటలో నా అంగడికి
ఒకే దినం రెండు టీవీలు వచ్చినాయి.
ఒకదాంట్లో బొమ్మ ఉండాది, సద్దు లేదు.
ఇంకోదాంట్లో సద్దు ఉండాది, బొమ్మ లేదు.
బల్లమీద పక్కపక్కన పెట్టినా
పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టినట్టు.

ఈ పక్క సీరియల్లో అత్త కళ్లెర్రజేస్తా ఉంటే
ఆ పక్కనుంచి
పిల్లి ఎలకను తరిమే వాయింపు.
ముమ్మారు తిప్పి చూపించినారు ఆమె మొహాన్ని,
మూడుసార్లూ ఎలక తప్పించుకునింది.
నవ్వి నవ్వి సోల్డరింగు కడ్డీ జారి
నా ప్యాంటుకు బొక్క.

నవ్వనిది ఒక్క చెంగల్రాయులే.
మూగ టీవీ ఆయనది.
మద్రాసులో ముప్పై ఏండ్లు రీరికార్డింగులకు వాయించినాడంట,
తొలి బండికి పోయి, ఆఖరు బండికి తిరిగొచ్చి.
మూడో వరస, ఎడమ పక్క, వయొలిను.
"ఆ వాయింపు మొదట్నించీ ఈమెకే ఇచ్చుంటే
జనం బయపడుండరబ్బా,
అయ్యో పాపం అనుండేవాళ్లు" అన్నాడు.

అట్ల మొదలైంది ఆట.
తెరమీద ఏదొస్తే దానికి
కొత్త సంగీతగాణ్ణి వెతకడం.

వానలో తడిసే జంటను
గంగజాతరలో పంబ కొట్టే మునెయ్యకిచ్చినాడు.
"చేయి చేయి తగలకముందే పూనకం రావాల."
దయ్యాల బంగళాను
బస్టాండులో పీలేరు బస్సు పిలిచే ఆమె గొంతుకు.
"ఒక్క వాయిద్యం వద్దు.
లేని ప్లాట్‌ఫారం నంబరు చెప్తే చాలు."
కత్తియుద్ధం నగరి మరమగ్గాలకు.
నూరు మగ్గాలు ఒకటేసారి ఆడించి
రాజు కూలే గడియకు
కరెంటు తీసెయ్యాల.

నేనూ ఒకటిచ్చినా:
కోర్టు సీనుకు
మోకాళ్ల పర్వతం ఎక్కేవాళ్ల రొప్పు.
"తీర్పుకు ముందా, తర్వాతా?" అన్నాడు.
అంత దూరం నేను పోలేదు.

నాలుగు గంటలకు పాత సినిమా.
ఒకామె ఇంటికి తాళమేసి,
రెండడుగులు నడిచి, తిరిగొచ్చి
ఒకసారి లాగి చూసి, పోతా ఉండాది.
బొమ్మలేని టీవీ
రేపటి ఎండల సంగతి చెప్తా ఉండాది.
"దీన్నెవరికిద్దాం సామీ?"

ఆయన పలకలేదు.
ఎడమచేతి వేళ్లు మోకాలి మీద
ఒకటెనక ఒకటి దిగతా ఉండాయి.

"అన్నం తినొచ్చినాక తీసిన ముక్క.
కునుకు పట్టింది.
పదిహేడు కమాన్లు ఒకటిగా ఆగినాయి,
నాదొక్కటే అర తాళం మిగిలిపోయింది,
దొడ్లోకి తోలితే బయట్నే నిలబడిన దూడ మాదిరి.
మాస్టరు అద్దమెనకనుంచి చూసినాడు.
పొద్దు లేదు, డబ్బు లేదు,
ఉండనీలే అన్నాడు.
ఇంకెవరైనా తీసేసుందురు.
దీన్ని మాత్రం
మార్చొద్దు."

నాకు సంగీతం తెలీదు.
ఆ తాళం సీను మాత్రం తెలుసు.
ఏ సెట్టులో వచ్చినా, ఆమె తిరిగినాక
సన్నంగా ఒక గీర.
స్పీకరు చిరిగిందనుకోని
ఇద్దరు ముగ్గురికి కొత్తది వేసి
డబ్బులు తీసుకున్నా కూడా.
ఈ మాట ఆయనకు చెప్పలేదు.

పొద్దుగూకినాక కెపాసిటరు మారిస్తే
ఆయన టీవీకి గొంతొచ్చింది. వార్తలు.
ఎవరో ఎవర్నో తిడతా ఉండారు.
"తగ్గించు" అన్నాడు. తగ్గించినా.
"ఇంకా" అన్నాడు.
దుప్పట్లో చుట్టి ఆటోలో పెడితే
బిడ్డను పట్టుకున్నట్టు
ఒక చెయ్యి దానిమీదే పెట్టుకోని పోయినాడు.

రాత్రి షట్టరు దించి, తాళమేసి,
రెండడుగులు పోయి, తిరిగొచ్చి లాగి చూసినా.
లోపల సద్దు.
బొమ్మలేని సెట్టు ఆపడం మరిచినా.
ఏం వాయిస్తా ఉందో, ఎవరి మొహానికో.

షట్టరు మళ్లా ఎత్తలేదు.