మైల

ఆదివారం వేలంలో కొన్నాను, రెండు పెట్టలు.
అరటిపళ్ళ అట్టపెట్టెకి పొడిచిన చిల్లుల్లోంచి
ఒక కన్ను బయటికి చూస్తోంది.
అమ్మినాయన రసీదు ఇవ్వలేదు.
"చలికాలమూ గుడ్లాపవు" అన్నాడు, అంతే.

బెండిగోలో జూన్ నెల.
పొద్దున్నే గడ్డి మీద మంచు కరకరలాడుతుంది.
రేకుల షెడ్డు వెనక నావి నాలుగున్నాయి:
సేతువ, డేగ, కాకి, పర్ల.
మావయ్య పందెంకోళ్ళకి చెప్పే రంగుల పేర్లు.
ఇక్కడ గుడ్లు పెట్టే పెట్టలకి పెట్టాను.
వింటే ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

కొత్తవాటిలో ఒకటి పింగళ.
రెండోదాని ఒంటి మీద మూడు రంగులు కలిసిపోయాయి.
అలాంటిదాన్ని మైల అంటారు.

అనబోతే నాలుక మీదే ఆగింది మాట.

పదమూడో ఏటినుంచి నెలకి మూడురోజులు
వెనక వసారాలో చాప, సొట్టగిన్నె, విడి చెంబు.
అమ్మ అన్నం పైనుంచి జారవిడిచేది
చెయ్యి తగలకుండా.
గడపకి అవతల కూచుని చెల్లెలు గవ్వలు వేసేది,
నా వంతువీ తనే వేసేది.

అందుకే,
గ్లెనిస్ కంచె మీదుగా తొంగిచూసి
"నెల్లాళ్ళు విడిగా ఉంచు, పెరటికి ఆ చివర.
పాతవాటికి మేతేశాకే వాటి దగ్గరికెళ్ళు.
బూట్లు కూడా వేరే" అంటే
తలైతే ఊపాను గానీ
ఆ సాయంత్రమే గూటి తలుపు తెరిచాను.
కొత్తగా వచ్చినవాళ్ళని నేను దూరం కూచోబెట్టను
అని ఎవరితోనో వాదిస్తున్నట్టు.

ఐదురోజులు వాదన నాదే.

ఆరోరోజు సేతువ తుమ్మింది.
కోడి తుమ్ము ఎలా ఉంటుందంటే
బళ్ళో పిల్ల నవ్వాపుకోలేక చప్పుడు చేసినట్టు.
నేనూ నవ్వాను.
మర్నాటికి కాకి కంటి మూల నురగ.
డేగ మొహం ఒకవైపు పొంగి కన్ను పూడిపోయింది.
నీళ్ళతొట్టి దగ్గర ఒక వాసన,
నాకు బాగా తెలిసినదే,
వారం నాటి కట్టు విప్పినప్పటిది.

ఎందుకు తెలుసంటే నేను నర్సుని.
ఇదొక్కటి రాయడానికే సిగ్గు.
నాలుగో అంతస్తులో గాజుతలుపు గది ముందు
పసుపు గౌను, గ్లవ్స్, మాస్కు.
తొడిగే వరస వేరు, విప్పే వరస వేరు,
కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేది నేనే.
లోపలి మనిషంటే నాకు ఏవగింపు లేదు.
అక్కడ అన్నం పైనుంచి పడదు,
మంచం పక్కన కూచుని తినిపిస్తాను.

పశువుల డాక్టరు ఫారెలీ
దూదిపుల్లతో గొంతులు తుడిచి పరీక్షకి పంపింది.
"తెచ్చినదానికి ఏమీ కాలేదే" అన్నాను.
"దానికి ఎప్పుడో అయిపోయింది" అందామె.
"తట్టుకుంది. తట్టుకున్నది బతికినన్నాళ్ళూ మోస్తుంది.
ప్రయాణం, చలి, కొత్త మందలో పొడుపులు,
కాస్త అలిసిందంటే చాలు."

సేతువకి సూది వెయ్యమని నేనే చెప్పాను.
కాకి తనంతట తనే పోయింది
తెల్లారకముందు, రెక్క కింద తల దాచుకుని.
గ్లెనిస్ ఒక్క మాట అనలేదు.
పార తెచ్చింది. నేల రాయిలా ఉంది.
వంతులేసుకుని తవ్వాం.

మిగిలినవన్నీ ఇప్పుడు మోసేవేనట.
ఇకమీదట ఈ పెరట్లోంచి ఒక్క కోడీ
ఇంకో గడప తొక్కదు, ఇంకోటి లోపలికి రాదు.
మెట్టు దగ్గర నీలం బూట్లు, గూటికి మాత్రమే.
వాటితో కంచె దాకా కూడా వెళ్ళను.

మా అమ్మాయి అడిగింది,
"దాన్నింకా మైల అనే పిలుద్దామా?"
రంగు పేరేగా అన్నాను.

ఇవాళ అది గుడ్డు పెట్టింది.
వెచ్చగా ఉంది. వట్టి చేత్తోనే తీశాను.
తర్వాత మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కున్నాను,
అమ్మ మీద కోపం
రవ్వంత కూడా తగ్గకుండానే.