ఇడిసిపెట్టే చెయ్యి

గుర్రం తోక వెంట్రుకలు పేని
ఉచ్చులు కట్టేది మా నాయన నేర్పినాడు.
నాలిక మడిచి కౌజు కూత కూసేది
మా అవ్వ నేర్పింది.
పట్టినదాన్ని ఇడిసిపెట్టేది
మా ఇంట్లో ఎవురూ నేర్పలేదు.

పత్తికొండ దావన, పత్తిచేని గెనెం మీద
తెల్లారకముందే వొచ్చి కూచ్చుంటాది షాహీన మేడం.
షాహీన అంటే డేగంట, ఆమే చెప్పింది నవ్వుతా.
డేగా, పిట్టలోడూ, ఒకే ప్లాస్కులో టీ.
అడివి ఆఫీసోళ్ల పర్మిషన్ కాగితం
నా అంగీ జోబులో, చెమటకు మెత్తబడి.
ఇంతకుముందు వాళ్ల జీపు సూస్తే ఉరికేవాణ్ని.

కూత పెట్టినా.
అవతలి గట్టు నించి జవాబు.
మట్టిరంగు ముద్ద ఒకటి గునగునా వొచ్చి
కాలు తగిలించుకున్నాది.

"గట్టిగా కాదు బోజన్నా,
గుడ్డు పట్టుకున్నెట్ల."
నాకు చెప్తాంది!
నా బొటనేలికి దాని మెడ యాడుంటాదో తెలుసు,
ఎంత నొక్కల్లనో తెలుసు.
తెలిసినదాన్ని ఆపుకునేదే ఈ పని.
దానికే దినానికి నాన్నూరు కూలి.

గుడ్డసంచిలో తూకం, రెండునూటరవై గ్రాములు.
రొమ్ము మీద ఈకలు రెండు.
రెక్క తిప్పి, లోపలి నీలం నరం మీద సూది.
ఆవగింజంత నెత్తురు
గాజు గొట్టంలోకి దానంతట అదే ఎక్కింది.
గాయం మీద పత్తి అద్దింది మేడం,
ఈ చేని పత్తి కాదు, ప్యాకెట్టుది.

"ఇంగ ఇడిసిపెట్టు."

చెయ్యి తెరిచినా. పోలేదు.
అరచేతిలో కూచ్చోని నన్నే సూస్తాంది,
దాని గుండె నా ఏళ్ల సందుల్లో కుట్టుమిసను మాదిరి.
నా చెయ్యి గూడ అంతే,
తెరుసుకున్నెట్ల దానికే నమ్మకం ల్యా.
ఎప్పుడు పోయిందో పోయింది.
అంగీ మీద తెల్లగా రెట్ట.
"కదలగాకు!" అని దాన్నీ గీకి డబ్బీలో ఏసుకునె.

రెండు నెలలకు కాగితం తెచ్చింది.
నాకు సదువు రాదు, ఆమె మొగం సదివినా.
ఈ చేన్లో కొట్టిన మందు
ఈకలోకి ఎక్కిందంట.
మొలిసేటప్పుడు నెత్తుర్లో ఏముంటే అది
రాసిపెట్టుకుంటాదంట ఈక,
శెట్టి అంగడి పద్దు మాదిరి.

"సచ్చిపోతాయా?" అంటి.
"తెలీదు. సంపకుండా అడుగుతాండాం,
చెప్తాయేమో" అనె.

ఆ చేన్లోనే మా మంగిలి పత్తి ఇడిపిస్తాంది,
ఇస్కూలు మానేసి రెండేండ్లు.
పిలిస్తే వొచ్చింది, ఒడి నిండా తెలుపు.
జడలోంచి ఒక వెంట్రుక పట్టి పెరికినా.
"అబ్బా" అనె.
పొడుగుది. ఉచ్చుకు సరిపోయేంత.

"మేడం, ఇది గూడ సూడు."

ఈకల కవర్లలో ఖాళీది ఒకటి తీసింది షాహీన.
తేదీ రాసింది.
చేను ఎవురిదో రాసింది.
జాతి అని ఉన్న గీత కాడ
పెన్ను ఆగిపోయింది.

మంగిలి తల రుద్దుకుంటా
మళ్లా సాల్లోకి పోయింది.