తెరిచిన ఎనిమిది

అక్టోబరు చివరి వారం. విస్కాన్సిన్, హేవార్డ్ ఊరి అవతల
రేవు పలకల మీద మంచు కరకరలాడుతోంది.
డ్వేన్ హాల్వర్సన్ పడవ తాడు విప్పుతూ
"ఈరోజు అది ఆకలి మీదుంటుంది" అన్నాడు.
నిన్నా అదే అన్నాడు.
నిరుడు ఇదే వారం మూడు రోజులూ అదే అన్నాడు.

మస్కీని పదివేల విసుర్ల చేప అంటారిక్కడ.
మందుల షాపులో మాత్రలు ఐదేసి చొప్పున
పక్కకి జరిపే మనిషిని నేను,
లెక్క వదలడం చేతకాదు.
కోటు జేబులో ఒక మీట,
విసిరినప్పుడల్లా టిక్కు.
ఈ ఉదయానికి నాలుగు వేల నూట పన్నెండు.

ఎర నేను కట్టిందే. జానెడు మీద నాలుగు వేళ్లు.
జింక తోక వెంట్రుకలు, వెండి తళుకు పోగులు,
మెడ చుట్టూ పుంజు ఈకలు.
పాకెట్ మీద గోధుమ రంగు అని రాశారు.
గోధుమ ఏమిటి, అది డేగ.
దాని పక్కది నలుపు కాదు, కాకి.
మా చిన్న మేనమామ స్కూటరు పోగొట్టుకుంది
కాకిని నమ్ముకునే.
ఏ వారం ఏ జామున ఏ రంగు గెలుస్తుందో
వేళ్ల మీద చెప్పేవాడాయన,
గురువారం మధ్యాహ్నం మస్కీ సంగతి మాత్రం
ఆయన శాస్త్రంలో లేదు.
డ్వేన్‌కి ఇదంతా చెప్తే
రెండు రోజులు ఆలోచించి
"డెగ్గా" అనడం నేర్చుకున్నాడు.

విసరడమంటే చెయ్యి కాదు, ఆగడం.
వెనక్కి పోయిన తాడు గాల్లో తిన్నగా సాగేదాకా
ఆగి,
అప్పుడు ముందుకి.
తడిసిన ఎర పిండని తువ్వాలంత బరువు.
మధ్యాహ్నానికి నా భుజం ఇంకెవరిదో అయింది.
గడ వలయాల్లో మంచు బిగుసుకుంటే
ఊదుకుంటూ కరిగించాను.
ఒడ్డున టామరాక్ చెట్లు సూదులు రాలుస్తున్నాయి,
నీళ్ల మీద పసుపు దంచి చల్లినట్టు.
మార్లిస్ కట్టిచ్చిన రొట్టె
కొరికితే పళ్లు జివ్వుమన్నాయి.

మూడున్నరకి
అడుగున ఒక మొద్దు కదిలింది.

మొద్దు కాదు.
ఎర వెనకే, జానెడు ఎడంగా,
తొందర లేకుండా,
వడ్డీ వసూలుకొచ్చిన మనిషిలా.
కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి,
ఒంటి నిండా నిలువు చారలు,
కన్ను మాత్రం ఎర మీద లేదు,
పడవలో ఉన్న నా మీద.

"ఎయిట్! ఎయిట్!" డ్వేన్ కేక.
పడవ దాకా వచ్చేశాక ఇక లాగడానికి తాడు మిగలదు.
గడ కొస నీళ్లలో ముంచి
అంకె ఎనిమిది గీస్తూనే ఉండాలి, ఆపకూడదు.
మలుపు దగ్గర అది నోరు చేసుకుంటుంది.
వేసవంతా పచ్చిక మీద సాధన చేశాను.
ముంచాను. చెయ్యి వణికింది.
వణికిన చెయ్యి
త్రిపురసుందరి టీచరు పలక మీద దిద్దించిన ఎనిమిది రాసింది.
ఎవరూ వాడని తెలుగు అంకెలు
ఆవిడ పట్టుబట్టి నేర్పేది.
౮.
మూసుకోదది. మెలి తిరిగొచ్చి
ఒక చివర తెరిచి ఆగిపోతుంది.
నా ఎర అక్కడే ఆగింది,
ఒక్క రెప్పపాటు.
చేప ఆ వాకిట్లోంచి వెళ్లిపోయింది.
తోక ఒక్కసారి.
నీళ్లలో చిన్న గుంట, అదీ పూడింది.

డ్వేన్ తిట్టలేదు.
టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.
నలభై ఎనిమిది అంగుళాలుంటుంది అన్నాడు.
అరగంట పోయాక, యాభై అన్నాడు.

చీకటి పడ్డాక ట్రక్కులో, ఆవిరి పట్టిన అద్దం మీద
వేలితో రాసి చూపించాను.
తల వంచి చాలాసేపు చూశాడు.
"దీనికి తలుపుంది."
ఉంది.
"మంచి అంకె" అన్నాడు, "చేపలకి."
హీటరు వేశాడు.
హైవే ఎక్కేసరికి అంకె
కింది నుంచి కారడం మొదలుపెట్టింది.

మీట మీద నాలుగు వేల రెండు వందల అరవై ఆరు.
ఆ విసురుకి నొక్కానో లేదో
ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.